ప్రింటర్ పలకనప్పుడు: ఆగి ఆగి వచ్చే లోపాన్ని గుర్తించే విధానం

(వార్డు కార్యాలయ సిబ్బందికి, పౌరసేవా కేంద్రాల నిర్వాహకులకు, ఆసక్తిగల పౌరులకు)

జనన ధ్రువపత్రం కోసమో, ఖాతా నకలు కోసమో, ఆస్తి పన్ను రశీదు కోసమో కార్యాలయానికి వచ్చిన పౌరునికి పాలన అంతా చివరకు ఒక కాగితం రూపంలో చేతికి అందుతుంది. అర్జీ స్వీకరణ, దాఖలాల పరిశీలన, అధికారి ఆమోదం అన్నీ సక్రమంగా ముగిసినా, ఆ చివరి కాగితాన్ని ముద్రించవలసిన ప్రింటర్ కంప్యూటరుకు పలకకపోతే ఆయనకు దొరికే సమాధానం "రేపు రండి" అన్నదే. కూలిపని మానుకొని వచ్చినవారికి ఆ రెండు మాటల ఖరీదు ఒక రోజు కూలి.

ఆ కాగితపు విలువ ఇటీవల మరింత పెరిగింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ సంవత్సరం అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ తేదీనాడు గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి పాఠశాల ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగ నియామకం వంటి వ్యవహారాలలో పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. అటువంటి పత్రం ఒక యంత్రం తీరు అర్థం కాకపోవడం వల్ల ఆగిపోవడం తగదు.

పూర్తిగా చెడిపోయిన ప్రింటర్ పెద్ద చిక్కు కాదు. దాన్ని మరమ్మతుకు పంపుతాము, లేదా మారుస్తాము. చిక్కంతా ఉదయం పనిచేసి, మధ్యాహ్నం ఆగి, సాయంత్రం మళ్లీ తనంత తానే పనిచేసే ప్రింటరుతోనే. మెకానిక్ వచ్చిన వేళకు అది చక్కగా ముద్రిస్తుంది. ఆయన వెళ్లిన గంటకు మళ్లీ మూగబోతుంది. దానితో విసిగిన సిబ్బంది "దానికి బుద్ధి పుట్టినప్పుడే పనిచేస్తుంది" అని సరిపెట్టుకుంటారు. యంత్రానికి బుద్ధి పుట్టడం, పుట్టకపోవడం ఉండదు. ఆగి ఆగి వచ్చే ప్రతి లోపానికీ ఒక షరతు ఉంటుంది. ఆ షరతు కుదిరినప్పుడు లోపం బయటపడుతుంది, తొలగినప్పుడు మాయమవుతుంది. ఆ షరతును కనిపెట్టే పద్ధతిని వివరించడమే ఈ పాఠం ఉద్దేశం. కార్యాలయాలలో అధికంగా వాడుకలో ఉన్న విండోస్ కంప్యూటర్లను దృష్టిలో ఉంచుకొని ఇది రాయబడింది.

1. పత్రం సాగించే ప్రయాణం

"ప్రింట్" అన్న మీట నొక్కినది మొదలు కాగితం బయటికి వచ్చేవరకు పత్రం ఐదు మజిలీలు దాటుతుంది.

మొదటి మజిలీ వరుస. ముద్రణకు పంపిన పత్రాలన్నిటినీ కంప్యూటరులోని స్పూలర్ అనే విభాగం అందుకొని, ఒకదాని వెనుక ఒకటిగా నిలబెడుతుంది. ముందున్న పత్రం ఇరుక్కుంటే వెనుకనున్నవన్నీ నిలిచిపోతాయి.

రెండవది డ్రైవర్. ఇది కంప్యూటరుకు, ప్రింటరుకు మధ్యనున్న అనువాదకుడు. కంప్యూటర్ భాషలోని పత్రాన్ని ఆ ప్రింటరుకు తెలిసిన భాషలోకి మారుస్తుంది. వేరొక నమూనా ప్రింటరుకు చెందిన డ్రైవరును తగిలిస్తే, రాని భాషలోకి అనువాదం చేయబూనినవాని పని వలెనే ఉంటుంది ఫలితం.

మూడవది పోర్టు. పత్రాన్ని ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా ఇది. యూఎస్‌బీ తీగతో కలిపిన ప్రింటరుకు ఆ తీగ పేరు, నెట్‌వర్కుతో కలిపిన ప్రింటరుకు 192.168.1.50 వంటి ఐపీ సంఖ్య ఇక్కడ నమోదై ఉంటుంది.

నాలుగవది దారి. యూఎస్‌బీ తీగ, ల్యాన్ తీగ, వైఫై, వీటిని కలిపే స్విచ్, రౌటర్ అన్నీ ఈ మజిలీలో చేరతాయి.

ఐదవది ప్రింటర్. అది మేలుకొని ఉండాలి, కాగితం, టోనరు ఉండాలి, మూతలు సరిగా పడి ఉండాలి.

కంప్యూటర్ తెరపై "ప్రింటర్ ఆఫ్‌లైన్" అని కనబడినప్పుడు, ప్రింటర్ చెడిపోయిందని దాని అర్థం కాదు. తాను పంపిన పిలుపుకు తనకు తెలిసిన చిరునామా నుండి జవాబు రాలేదని మాత్రమే కంప్యూటర్ చెబుతున్నది. ఇంటివారు ఊళ్లో ఉన్నా, ఇల్లు మారి ఉంటే పాత తలుపు తట్టినవానికి జవాబు రాదు కదా. అందువల్ల మన మొదటి పని ఐదు మజిలీలలో దేని దగ్గర పత్రం ఆగిందో తేల్చుకోవడం.

2. తొందరలో చేయకూడని పనులు

మొదటిది, ప్రింట్ మీటను మళ్లీ మళ్లీ నొక్కడం. నొక్కిన ప్రతిసారీ వరుసలో మరొక నకలు చేరుతుంది. ప్రింటర్ మేలుకోగానే అవన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. కాగితం వృథా కావడం చిన్న నష్టం. ఒక కుటుంబానికి చెందిన ధ్రువపత్రాల నకళ్లు ఎవరూ లేని వేళ ట్రేలో పడి, ఎవరి చేతికైనా చిక్కడం పెద్ద నష్టం. వరుస సంఖ్యలు అచ్చయిన కాగితాలపై ముద్రించే కార్యాలయాలలో ఆ సంఖ్యల లెక్క కూడా తప్పుతుంది.

రెండవది, ఒకేసారి నాలుగైదు మార్పులు చేయడం. తీగ మార్చి, డ్రైవర్ తీసివేసి మళ్లీ వేసి, రౌటర్ ఆపి వెలిగించి చూస్తే ప్రింటర్ పనిచేయవచ్చు. కానీ వాటిలో ఏది ఫలించిందో తెలియదు. రేపు లోపం తిరిగి వస్తే మళ్లీ మొదటి నుండి వెతకవలసిందే.

మూడవది, మార్పు చేసిన వెంటనే ప్రింటర్ పనిచేసింది గనుక ఆ మార్పే మందు అని నమ్మడం. తనంత తానే తొలగే లోపం విషయంలో ఈ నమ్మకం తరచు మోసం చేస్తుంది. లోపం తొలగే వేళకు మనం ఏ పని చేస్తూ ఉంటే, ఆ పనికి ఘనత దక్కుతుంది.

3. లోపాల పుస్తకం

ప్రింటర్ పక్కన ఒక చిన్న నోటు పుస్తకం, ఒక పెన్ను ఉంచండి. ప్రింటర్ పలకనప్పుడల్లా ఈ కింది వివరాలు ఒక్కొక్క వరుసలో రాయండి.

- తేదీ, లోపం మొదలైన సమయం, తొలగిన సమయం.
- ఏ కంప్యూటర్ నుండి పంపారు? మిగిలిన కంప్యూటర్ల నుండి ముద్రణ అవుతున్నదా?
- ఏ పత్రం? వేరొక పత్రం ముద్రితమవుతున్నదా?
- దానికి ముందు ఎంతసేపు ప్రింటర్ ఊరకే ఉన్నది?
- ప్రింటర్ తెరపై, కంప్యూటర్ తెరపై కనబడిన మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా.
- అంతకు ముందు కరెంటు పోయి వచ్చిందా? కార్యాలయంలోకి కొత్త పరికరమేదైనా వచ్చిందా?

ఒక వారం రాసిన తరువాత ఈ పుస్తకం చెప్పే సమాచారం ఏ మెకానిక్ జ్ఞాపకశక్తీ చెప్పలేదు. లోపం కనబడని వేళ వచ్చిన మెకానిక్‌కు సైతం పరిశీలించడానికి ఆధారం దొరుకుతుంది.

4. దారి చూపే నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ప్రింటర్ తనంత తాను ముద్రించగలదా? చాలా ప్రింటర్లలో వాటి మీటల ద్వారానే ఒక పరీక్షా పత్రాన్ని గాని, అమరికల పత్రాన్ని గాని తీయవచ్చు. ఇందులో కంప్యూటరుకు ప్రమేయం లేదు. ఈ కాగితం చక్కగా వస్తే టోనరు, రోలర్లు, వేడిచేసే భాగం బాగున్నట్టే. అమరికల పత్రంపై ప్రింటర్ ప్రస్తుత ఐపీ సంఖ్య కూడా ఉంటుంది. దాన్ని దాచండి. తరువాత అవసరపడుతుంది.

రెండవ ప్రశ్న: లోపం ఒక కంప్యూటరుకా, అందరికీనా? ఒకే కంప్యూటరుకైతే ఆ కంప్యూటరులోని వరుస, డ్రైవర్, పోర్టు చూడాలి. అందరికీ ఒకేసారి వస్తే దారినో, ప్రింటరునో అనుమానించాలి.

మూడవ ప్రశ్న: లోపం ఒకే పత్రానికా, అన్నిటికీనా? ఒకే పత్రం దగ్గర ఆగుతూ, మిగిలినవి సాగుతుంటే చిరునామా, దారి బాగున్నట్టు. అనువాదం దగ్గరే తడబాటు. పలు లిపులు కలిసిన పత్రాలలో ఇది కనబడుతుంది. కన్నడ, తెలుగు, ఉర్దూ, ఆంగ్ల లిపులు, పైన రాజముద్ర, కింద క్యూఆర్ చిహ్నం ఉన్న పీడీఎఫ్ పత్రాలు తక్కువ జ్ఞాపకశక్తి గల ప్రింటరుకు భారమవుతాయి. పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేరులో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అన్న ఎంపిక ఉంటే, దాన్ని గుర్తించి ముద్రించి చూడండి. అప్పుడు లిపిని విడదీసే పని కంప్యూటరే చేసి, పుటను బొమ్మగా పంపుతుంది. ఇది ఫలిస్తే ఆ ప్రింటర్ తయారీదారు ఇచ్చిన సరికొత్త డ్రైవరును వేయడం శాశ్వత మార్గం.

నాలుగవ ప్రశ్న: లోపం ఎప్పుడు వస్తున్నది? చాలాసేపు ఊరకున్న తరువాత వస్తే నిద్ర అమరికలు కారణం కావచ్చు. కరెంటు పోయి వచ్చిన తరువాత, లేదా ఉదయం కార్యాలయం తెరవగానే వస్తే చిరునామా మారి ఉండవచ్చు. ఒక వ్యక్తి గాని, ఒక పరికరం గాని కార్యాలయంలో ఉన్నప్పుడే వస్తే ఒకే చిరునామా ఇద్దరికి చేరి ఉండవచ్చు.

5. ఇల్లు మారిన ప్రింటర్

నెట్‌వర్కుతో కలిపిన ప్రింటర్లు ఆగి ఆగి పలకకపోవడానికి చిరునామా మారడం ఒక ముఖ్య కారణం. నెట్‌వర్కులో చేరిన ప్రతి పరికరానికి రౌటర్ ఒక ఐపీ సంఖ్యను కొంతకాలం గడువుతో అద్దెకిచ్చినట్టు ఇస్తుంది. ఈ ఏర్పాటుకు డీహెచ్‌సీపీ అని పేరు. గడువు తీరినా, రౌటర్ ఆగి వెలిగినా, ప్రింటర్ చాలాసేపు ఆపివేసి ఉన్నా, దానికి వేరొక సంఖ్య రావచ్చు. కంప్యూటరులోని పోర్టులో మాత్రం పాత సంఖ్యే రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆ పాత తలుపే తడుతూ ఉంటుంది. కొన్నాళ్లకు ప్రింటరుకు పాత సంఖ్యే మళ్లీ వస్తే ముద్రణ మొదలవుతుంది. మనకు అది మహిమగా తోస్తుంది.

దీన్ని తేల్చుకోవడం సులభం. లోపం ఉన్నప్పుడే ప్రింటర్ నుండి అమరికల పత్రం తీయండి. కంప్యూటరులో ఆ ప్రింటర్ పేరుపై మౌసు కుడి మీట నొక్కి, 'ప్రింటర్ ప్రాపర్టీస్'లో 'పోర్ట్స్' చూడండి. కాగితంపైనున్న సంఖ్య, పోర్టులోని సంఖ్య ఒకటి కాకపోతే కారణం దొరికినట్టే. ప్రింటర్ సంఖ్య 169.254తో మొదలైతే మరొక సంగతి తెలుస్తుంది. రౌటర్ నుండి దానికి ఏ సంఖ్యా అందలేదు, తనకు తానే ఒకటి పెట్టుకున్నది. అప్పుడు తీగను, స్విచ్చును, వైఫైని చూడాలి.

నివారణ ఏమంటే, రౌటర్ అమరికలలో ఆ ప్రింటరుకు ఒక సంఖ్యను శాశ్వతంగా కేటాయించడం. ప్రతి పరికరానికి తయారీలోనే మ్యాక్ చిరునామా అనే 12 అక్షరాంకాల గుర్తు ఉంటుంది. అది అమరికల పత్రంపై ఉంటుంది. "ఈ గుర్తు గల పరికరానికి ఎల్లప్పుడూ ఈ సంఖ్యే ఇవ్వవలెను" అని రౌటరుకు చెప్పిపెట్టాలి. కార్యాలయ నెట్‌వర్కు బాధ్యత వహించే ఉద్యోగి ఈ పని కొద్ది నిమిషాలలో చేయగలరు. రౌటరుకు చెప్పకుండా ప్రింటరులోనే ఒక సంఖ్యను స్థిరపరచే పద్ధతీ ఉన్నది. అయితే ఆ సంఖ్య, రౌటర్ ఇతరులకు పంచే సంఖ్యల పరిధికి వెలుపల ఉండి తీరాలి. లేకుంటే ఒకే ఇంటి సంఖ్య ఇద్దరికి ఇచ్చినట్టవుతుంది.

తరువాత కంప్యూటరులోని పోర్టును కూడా సరిచూడండి. విండోస్ తనంత తాను ప్రింటరును వెతికి చేర్చుకొన్నప్పుడు పోర్టు పేరు డబ్ల్యూఎస్‌డీ అని మొదలు కావచ్చు. ఇది ప్రింటరును నెట్‌వర్కులో వెతికి పట్టుకొనే పద్ధతి. ఆ వెతుకులాట విఫలమైనప్పుడు ప్రింటర్ ఆఫ్‌లైనుగా కనబడుతుంది. దాని స్థానంలో 'స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్' చేర్చి, కేటాయించిన సంఖ్యను రాయడం మేలు. ఇదే పోర్టు అమరికలలో 'ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' అన్న గడి ఉంటుంది. దీని ద్వారా కంప్యూటర్ ప్రింటర్ క్షేమసమాచారం అడుగుతూ ఉంటుంది. కొన్ని ప్రింటర్లు ముద్రించగల స్థితిలో ఉండి కూడా ఈ ప్రశ్నకు జవాబివ్వవు. అప్పుడు కంప్యూటర్ దాన్ని ఆఫ్‌లైనుగా భావిస్తుంది. చిరునామా సరిగా ఉండి కూడా ఆఫ్‌లైను అనే చూపుతుంటే, ఈ గడిలోని గుర్తు తీసి చూడండి.

6. మరికొన్ని కారణాలు

నిద్ర. విద్యుత్తు ఆదా కోసం ప్రింటర్లు కొంతసేపటికి నిద్రలోకి జారుతాయి. కొన్ని గాఢనిద్ర నుండి నెట్‌వర్కు పిలుపుకు లేవవు. కొన్నిటిలో తనంత తానే పూర్తిగా ఆగిపోయే 'ఆటో ఆఫ్' అమరిక కూడా ఉంటుంది. పనివేళల్లో ఇవి అడ్డు రాకుండా వ్యవధిని పెంచండి.

మధ్యవర్తి కంప్యూటర్. చిన్న కార్యాలయాలలో ప్రింటరును ఒక కంప్యూటరుకు తగిలించి, మిగిలినవారు దాని ద్వారా వాడుకొంటారు. ఆ కంప్యూటర్ నిద్రపోయినా, దాని ఉద్యోగి సెలవు పెట్టి అది తెరవకపోయినా అందరికీ ముద్రణ ఆగుతుంది. ఆ కంప్యూటరుకు నిద్ర లేకుండా చేయడం తాత్కాలికం. ప్రింటరును నేరుగా నెట్‌వర్కుకు కలపడం శాశ్వతం.

వరుసలో ఇరుకు. తొలగించమన్నా తొలగని పత్రం వరుసలో నిలిచిపోతే 'సర్వీసెస్' కిటికీలో 'ప్రింట్ స్పూలర్'ను ఆపి, సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అన్న సంచీలోని ఫైళ్లను తొలగించి, స్పూలరును మళ్లీ ప్రారంభించాలి. దీనితో ఆ కంప్యూటర్ వరుసలలోని అన్ని పత్రాలూ పోతాయి గనుక, అది మధ్యవర్తి కంప్యూటరైతే ముందుగా తోటివారికి చెప్పండి. ఈ పని వారంలో రెండు మూడుసార్లు చేయవలసి వస్తుంటే, అది చికిత్స కాదని గ్రహించి డ్రైవరును పరిశీలించాలి.

దారి తప్పిన పత్రం. యూఎస్‌బీ తీగను ఒక రంధ్రం నుండి మరొక రంధ్రానికి మార్చినప్పుడు, విండోస్ అదే ప్రింటరును 'కాపీ 1' అన్న పేరుతో మరొకసారి చేర్చుకోవచ్చు. పత్రాలు పాత పేరుకు పోయి నిలిచిపోతాయి. అలాగే చివరిసారి వాడిన ప్రింటరునే ప్రధాన ప్రింటరుగా మార్చే అమరిక విండోసులో ఉన్నది. దానివల్ల ఒక గదిలో నొక్కిన పత్రం మరొక గదిలో ముద్రితం కావచ్చు. సెట్టింగులలో 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అన్నదాన్ని ఆపి, ప్రధాన ప్రింటరును మీరే ఎంచుకోండి.

తీగ, వైఫై. యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లు మించకూడదు. అంతకంటే పొడవైన తీగలు, అతుకుల తీగలు ఆగి ఆగి పనిచేస్తాయి. వైఫై ప్రింటరుకు, రౌటరుకు మధ్య ఇనుప బీరువాలు నిలబెట్టకండి. రోజంతా ధ్రువపత్రాలు ముద్రించే ప్రింటరుకు ల్యాన్ తీగే నమ్మకం.

విద్యుత్తు. లేజర్ ప్రింటర్ టోనరును కాగితంపై కరిగించి అంటించడానికి ఒక భాగాన్ని బాగా వేడిచేస్తుంది. ఆ క్షణంలో అది హఠాత్తుగా ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. చిన్న యూపీఎస్ ఆ భారం మోయలేదు. ప్రింటరును నేరుగా గోడ సాకెట్టుకు తగిలించండి. రౌటరును, స్విచ్చును మాత్రం యూపీఎస్‌పై ఉంచండి. కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ ఆగి వెలగకుండా ఉంటే, చిరునామాలు మారే అవకాశమూ తగ్గుతుంది.

7. ఒక ఉదాహరణ

ఒక వార్డు కార్యాలయంలో రెండు కౌంటర్లు, ల్యాన్ తీగతో కలిపిన ఒక ప్రింటర్ ఉన్నాయని అనుకొందాం. ప్రింటర్ అప్పుడప్పుడు పలకడం లేదు. సిబ్బంది ఒకనాడు టోనరు మార్చారు, పనిచేసింది. మరునాడు ఆగింది. డ్రైవర్ మళ్లీ వేశారు, పనిచేసింది. మళ్లీ ఆగింది. తీగ మార్చారు, అదే కథ.

అప్పుడు లోపాల పుస్తకం మొదలుపెట్టారు. సోమవారం 10.40కి ఆగి 1.15కి కోలుకొన్నది. మంగళవారం 10.50కి ఆగి 1.05కి కోలుకొన్నది. బుధవారం లోపమే లేదు. గురువారం 10.35 నుండి 1.20 వరకు. శుక్రవారం 10.45 నుండి 1.10 వరకు. ప్రతిసారీ రెండు కౌంటర్లకూ ఒకేసారి ఆగింది. ప్రింటర్ తనంత తాను పరీక్షా పత్రాన్ని చక్కగా ముద్రించింది. పోర్టులోని సంఖ్య, అమరికల పత్రంపై సంఖ్య రెండూ 192.168.1.50.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వేసి చూద్దాం. ప్రింటర్ బాగున్నది. అందరికీ ఆగుతున్నది గనుక ఒక కంప్యూటర్ దోషం కాదు. అన్ని పత్రాలకూ ఆగుతున్నది గనుక పత్రం దోషం కాదు. చిరునామా మారలేదు. మిగిలింది సమయం. ఉదయం పదిన్నర తరువాత వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లేది, బుధవారం రానిది ఏది? పన్ను వసూలుకు వెళ్లే ఉద్యోగి రోజూ ఉదయం కార్యాలయంలో కూర్చొని, తన ట్యాబును వైఫైకి కలిపి లెక్కలు పంపి, భోజనవేళకు వీధులలోకి వెళ్తారు. బుధవారం ఆయన సెలవు.

పరీక్ష ఇలా సాగింది. ఆయన ఉన్న వేళ ప్రింటరును పూర్తిగా ఆపి, ఒక కంప్యూటర్ నుండి 192.168.1.50కి పింగ్ అనే ఆజ్ఞతో పిలుపు పంపారు. ఆపివున్న ప్రింటర్ చిరునామా నుండి జవాబు వచ్చింది. అంటే ఆ ఇంట్లో మరొకరు ఉన్నారు. ఎవరో మునుపు ప్రింటరులో ఆ సంఖ్యను స్థిరపరచారు గాని, అది రౌటర్ పంచే పరిధిలోనిదే. ప్రింటర్ ఆపివున్న ఒక రోజు రౌటర్ ఆ సంఖ్య ఖాళీ అనుకొని ట్యాబుకు ఇచ్చింది. అప్పటి నుండి ట్యాబ్ వచ్చిన ప్రతిసారీ అదే సంఖ్య అడిగి పుచ్చుకొంటున్నది. పరిధికి వెలుపలి సంఖ్యను ప్రింటరుకు ఇచ్చి, రెండు కంప్యూటర్ల పోర్టులలోనూ దాన్ని రాయడంతో లోపం తొలగింది. అయినా మరో వారం పుస్తకం రాసి, అటుపైననే విషయం ముగిసిందని నమోదు చేశారు.

టోనరు, డ్రైవరు, తీగ మార్చినప్పుడు ప్రింటర్ ఎందుకు పనిచేసింది? ఆ మూడు పనులూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ట్యాబ్ వీధిలోకి వెళ్లిపోయింది. పుస్తకం లేనంతకాలం ఈ సంగతి ఎవరికీ కనబడలేదు. ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని పరికరాలు పింగుకు జవాబివ్వవు. కనుక జవాబు వస్తే రెండవ పరికరం ఉన్నట్టు నిర్ధారించవచ్చు గాని, రానంత మాత్రాన లేదని చెప్పలేము. అప్పుడు రౌటరులోని పరికరాల జాబితా చూడాలి.

8. లోపం తొలగేలోగా పౌరునికి

కారణం వెతకడానికి వారం పట్టవచ్చు. కౌంటర్ ముందు నిలిచినవారు వారం ఆగలేరు. కాబట్టి మరొక ప్రింటరును ముందుగానే ప్రతి కంప్యూటరులో చేర్చి ఉంచండి. అది పక్క గదిలోనిదైనా సరే. లోపం వచ్చాక చేర్చబూనితే ఆ పూట గడిచిపోతుంది.

జనన మరణాల నమోదు చట్టంలో 2023 సవరణ తరువాత, సమాచారం ఇచ్చినవారికి ధ్రువపత్రాన్ని ఎలక్ట్రానిక్ రూపంలోనైనా, మరో విధంగానైనా ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. ఎలక్ట్రానిక్ సంతకాలకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం గుర్తింపునిచ్చింది. కనుక డిజిటల్ సంతకంతో పత్రం సిద్ధమై ఉంటే, ప్రింటర్ ఆగినంత మాత్రాన పత్రం ఆగనక్కరలేదు. దాన్ని పౌరుడు పొందే అధికారిక మార్గాన్ని కౌంటరులోని ఉద్యోగి వివరించాలి. సిబ్బంది సొంత ఫోన్ల నుండి పంపడం, పెన్‌డ్రైవులో వేసి బయటి దుకాణానికి పంపడం మంచిది కాదు. అందులో ఒక కుటుంబం వివరాలు ఉంటాయి.

పౌరులు మర్యాదగా అడగదగినవి మూడు. నా అర్జీ ఆమోదం పొందిందా, కేవలం ముద్రణే మిగిలిందా? వేరొక కౌంటరులో ముద్రించే వీలున్నదా? ఎలక్ట్రానిక్ ప్రతి ఎలా పొందాలి? అర్జీ సంఖ్య ఉన్న రశీదు లేకుండా కౌంటర్ విడిచి వెళ్లకండి. ముద్రణే మిగిలిందని రశీదు వెనుక రాయించుకొంటే, మరునాడు మళ్లీ మొదటి వరుసలో నిలవవలసిన పని ఉండదు.

సిబ్బంది సాయంత్రం వెళ్లేముందు వరుసలో మిగిలిన పత్రాలను రద్దు చేయండి. రాత్రి ప్రింటర్ కోలుకొంటే అవి ఖాళీ గదిలో ముద్రితమై, ఉదయం తలుపు తీసేవరకు ట్రేలో పడి ఉంటాయి.

9. అభ్యాసం

ఈ కింది సందర్భాలలో ఏ మజిలీని ముందు పరిశీలిస్తారో చెప్పండి. జవాబులు చివర ఉన్నాయి. ముందుగా మీరే ఆలోచించండి.

(అ) రెండవ కౌంటర్ నుండి ముద్రణ అవుతున్నది. మొదటి కౌంటర్ నుండి మూడు రోజులుగా కావడం లేదు. నిన్న మొదటి కౌంటర్ యూఎస్‌బీ తీగను ముందు వైపు రంధ్రానికి మార్చారు.

(ఆ) భోజన విరామం తరువాత మొదటి పత్రం ఎన్నడూ రాదు. ప్రింటర్ మీట ఒకసారి నొక్కితే అన్నీ వస్తాయి.

(ఇ) రశీదులన్నీ వస్తున్నవి. నాలుగు లిపులలో సిద్ధం చేసిన ప్రకటన మాత్రం సగం పుట వద్ద ఆగుతున్నది.

(ఈ) ప్రతి కరెంటు కోత తరువాత రెండు కౌంటర్లకూ ప్రింటర్ ఆఫ్‌లైన్ అవుతున్నది. అమరికల పత్రంపై సంఖ్య ప్రతిసారీ వేరుగా ఉన్నది.

జవాబులు: (అ) తీగ మార్చింది నిన్ననే గాని లోపం మూడు రోజులది. కాబట్టి తీగ మార్పు మూలకారణం కాదు, దానివల్ల 'కాపీ 1' అన్న రెండవ చిక్కు మాత్రం చేరి ఉండవచ్చు. ముందుగా ఆ కంప్యూటర్ వరుసను, తరువాత పోర్టును చూడాలి. (ఆ) ప్రింటర్ నిద్ర అమరికలు. (ఇ) డ్రైవర్, ముందుగా పుటను బొమ్మగా పంపి చూడాలి. (ఈ) చిరునామా; రౌటరులో శాశ్వత సంఖ్య కేటాయించి, రౌటరును యూపీఎస్‌పై ఉంచాలి.

మొదటి ప్రశ్నకు "తీగ మార్చడమే కారణం" అని రాసినవారు తేదీలను మరొకసారి చూడగలరు. ఆగి ఆగి వచ్చే లోపాలలో కారణాన్ని పట్టించేవి తేదీలు, సమయాలే. అందుకే రేపు ఉదయం కార్యాలయం తెరవగానే చేయవలసిన మొదటి పని, ప్రింటర్ పక్కన ఆ నోటు పుస్తకం ఉంచడం.